ముష్టి గింజ నుంచి మందు సీసా దాకా: హోమియో మూలికా మందుల పరీక్షలు

హోమియోపతి మందుల్లో అధిక భాగం మొక్కల నుంచి తయారయ్యేవే. ముష్టి గింజల నుంచి నక్స్ వామికా, నాభి జాతి మొక్క నుంచి అకోనైట్, యూరప్‌లో పెరిగే మొక్కల నుంచి బెల్లడోనా, ఆర్నికా, బ్రయోనియా వస్తాయి. వేప, తులసి, నేరేడు, అడ్డసరం, తిప్పతీగ, పొడపత్రి లాంటి మన పెరటి మొక్కలు, పొలంగట్టు మొక్కలు కూడా ఈ వరుసలో ఉన్నాయి. వీటిలో కొన్ని రోజూ తిన్నా ఫరవాలేనివి, కొన్ని నిఖార్సయిన విషాలు. ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలు పుట్టిస్తుందో అవే లక్షణాలున్న రోగాన్ని ఆ పదార్థం నయం చేస్తుందని జర్మన్ వైద్యుడు శామ్యూల్ హానిమన్ 1796లో ప్రతిపాదించాడు. అలా ఎంచుకున్న పదార్థాల్లో విషాలు ఎక్కువ కాబట్టి వాటిని పలుచన చేసి ఇవ్వడం ఈ విధానంలో స్థిరపడింది.

హోమియో మందుతో మేలు జరగకపోయినా కీడు మాత్రం జరగదన్న మాట జనంలో బాగా పాతుకుపోయింది. కొన్ని సీసాల విషయంలో అది నిజం. కొన్నిటి విషయంలో అది ప్రమాదకరమైన అపోహ. ఏ సీసా ఏ కోవకు చెందుతుందో మందు పేరు చెప్పదు, దాని పక్కన ఉండే అంకె, అక్షరం చెబుతాయి. అందుకే మొక్కల మందుల భద్రత గురించి మాట్లాడాలంటే ముందు ఆ అంకెల లెక్క తెలియాలి.

మొక్కను గానీ, దాని వేరు, ఆకు, బెరడు, గింజల్లో కావలసిన భాగాన్ని గానీ ఆల్కహాల్, నీళ్లు కలిపిన ద్రావణంలో నానబెట్టి సారం దింపితే వచ్చేది మదర్ టింక్చర్. సీసా మీద దీన్ని క్యూ అక్షరంతో సూచిస్తారు. సాధారణంగా 100 గ్రాముల ఎండు మొక్కకు 1000 మిల్లీలీటర్ల టింక్చర్ వచ్చేలా, అంటే పదో వంతు బలంతో దీన్ని తయారుచేస్తారు. ఒక వంతు టింక్చర్‌కు తొమ్మిది వంతుల ద్రావణం కలుపుతూ ప్రతిసారీ గట్టిగా కుదుపుతూ పోతే ఎక్స్ వరుస పొటెన్సీలు వస్తాయి. ఒక వంతుకు తొంభైతొమ్మిది వంతులు కలుపుతూ పోతే సి వరుస వస్తుంది. ఎండు మొక్క బరువుతో లెక్కిస్తే 3ఎక్స్ అంటే వెయ్యో వంతు, 6ఎక్స్ అంటే పది లక్షల వంతు. 30సి దగ్గర హారంలో ఒకటి పక్కన 60 సున్నాలుంటాయి.

ముష్టి గింజనే తీసుకుని ఈ లెక్క చూడవచ్చు. ఈ గింజల్లోని ప్రధాన విషం స్ట్రిక్నిన్ అనే ఆల్కలాయిడ్. పెల్టియే, కవాంటూ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు 1818లో దీన్ని వేరుచేశారు. ఇది వెన్నుపాములో కండరాల బిగువును అదుపులో ఉంచే గ్లైసిన్ సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఆ అదుపు పోయినప్పుడు ఒళ్లంతా విల్లులా వంగిపోయే మూర్ఛలు వస్తాయి, ఊపిరి ఆగిపోతుంది. పెద్దవారికి 50 నుంచి 100 మిల్లీగ్రాములు ప్రాణాంతకమని లెక్కిస్తారు. అంతకన్నా తక్కువకే చనిపోయినవారూ ఉన్నారు. గింజ బరువులో సుమారు ఒక శాతం స్ట్రిక్నిన్ ఉందనుకుంటే, పదో వంతు బలమున్న మదర్ టింక్చర్ ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉంటుంది. అంటే 30 మిల్లీలీటర్ల చిన్న సీసాలో 30 మిల్లీగ్రాములు. చిన్న పిల్లలు పొరపాటున తాగేస్తే ప్రాణం పోవడానికి అది చాలు.

పలుచన చేస్తూ పోతే ఈ భయం త్వరగానే తగ్గుతుంది. 3ఎక్స్ దగ్గర మిల్లీలీటరులో 0.01 మిల్లీగ్రాము, 6ఎక్స్ దగ్గర 10 నానోగ్రాములు మిగులుతాయి. ఇంత తక్కువైనా దాన్ని పట్టగల పరికరాలు నేటి మంచి ప్రయోగశాలల్లో ఉన్నాయి. 6సి దగ్గరికి వచ్చేసరికి మిల్లీలీటరుకు ఇంచుమించు 1.8 కోట్ల స్ట్రిక్నిన్ అణువులుంటాయి. అంకె పెద్దదిగా కనిపించినా బరువులో అది గ్రాములో వంద లక్షల కోట్ల వంతు మాత్రమే, మామూలు పరీక్షకు అందేది కాదు. 12సి దగ్గర ఒక్క అణువు దొరకాలంటే మిల్లీలీటరు చొప్పున యాభై వేలకు పైగా సీసాలు వెతకాలి. 30సి సీసాలో ముష్టి గింజకు సంబంధించినది ఏదీ ఉండదనే చెప్పాలి. కాబట్టి మొక్కలోని విషం గురించి పట్టించుకోవలసింది మదర్ టింక్చర్లోను, తక్కువ పొటెన్సీల్లోను. పరీక్షల బలమంతా అక్కడే పెట్టాలి.

భారతదేశంలో ఈ పరీక్షలకు ఆధారం భారత హోమియోపతిక్ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల గ్రంథం. దీని మొదటి సంపుటం 1971లో వెలువడింది. ప్రమాణాలు తయారుచేయడానికీ, నమూనాలు పరీక్షించడానికీ 1975లో ఘజియాబాద్‌లో ఒక కేంద్ర ప్రయోగశాల ఏర్పాటైంది. 2020లో ఆయుర్వేద, సిద్ధ, యునానీ ఫార్మకోపియా వ్యవస్థతో కలిపి దాన్ని ఒకే కమిషన్ కిందికి తెచ్చారు. కేంద్ర హోమియోపతి పరిశోధన మండలి 1978 నుంచి పనిచేస్తోంది. మందుల ప్రామాణీకరణ కోసం ఆ మండలి నెలకొల్పిన విభాగాల్లో ఒకటి హైదరాబాద్‌లో ఉంది. మొక్క రూపం, సూక్ష్మ నిర్మాణం, రసాయన లక్షణాలు రాసిపెట్టి, ఏది అసలో ఏది నకిలీయో తేల్చేందుకు కొలమానాలు తయారుచేయడం ఇలాంటి విభాగాల పని.

అన్నిటికన్నా ముందుది మొక్క గుర్తింపు. ఇక్కడ తప్పు జరిగితే ఆ తరువాత ఎంత ఖరీదైన పరికరం వాడినా ఫలితం వ్యర్థమే. ముష్టి గింజ గుండ్రంగా, బిళ్లలా చదునుగా, బూడిద రంగులో ఉంటుంది. దాని మీద మధ్య నుంచి అంచులకు పరుచుకున్న పట్టులాంటి నూగు మెరుస్తుంది. అదే కుటుంబానికి చెందిన చిల్లగింజ, అంటే మురికి నీళ్లను తేర్చడానికి పల్లెల్లో వాడే గింజ, ఇంకా చిన్నది, బొద్దుగా ఉంటుంది, అందులో స్ట్రిక్నిన్ ఉండదు. విడిగా చూస్తే తేడా తెలుస్తుంది గానీ దంచి పొడి చేశాక కంటితో చెప్పడం కష్టం. అప్పుడు సూక్ష్మదర్శిని కావాలి. ముష్టి నూగు ముక్కలు, గింజలోని మందమైన గోడల కణాలు ఆ పొడిలో కనిపించాలి. గింజను పలుచగా కోసి నత్రికామ్లం చుక్క వేస్తే బ్రూసిన్ అనే మరో ఆల్కలాయిడ్ ఉన్నచోట ఎర్రని నారింజ రంగు వస్తుంది. అమ్మోనియం వెనడేట్, గంధకామ్లం కలిపి వేస్తే స్ట్రిక్నిన్ ఉన్నచోట ఊదా రంగు తేలుతుంది. ఒక్క కోతలో రెండు విషాల ఉనికి తెలిపే ఈ పాత పరీక్షలకు నేటికీ విలువ ఉంది.

గుర్తింపు తప్పితే ఏం జరుగుతుందో చెప్పే ఉదంతం బెల్జియంలో జరిగింది. అక్కడ బరువు తగ్గడానికి ఇచ్చిన చైనా మూలికల గుళికల్లో స్టెఫానియా అనే మొక్కకు బదులు అరిస్టొలోకియా చేరింది. వాటిని వాడిన మహిళల కిడ్నీలు వేగంగా దెబ్బతిన్నట్టు 1993లో వైద్యులు ప్రకటించారు. తరువాత కొందరిలో మూత్రనాళ క్యాన్సర్లు కూడా బయటపడ్డాయి. కారణం అరిస్టొలోకిక్ ఆమ్లం. అది హోమియో మందు కాదు గానీ, ఆ కుటుంబపు మొక్కలు హోమియోపతిలోనూ ఉన్నాయి. మన ఈశ్వరి తీగ కూడా ఆ కుటుంబానిదే. జర్మనీ 1981లోనే ఈ ఆమ్లం ఉన్న మందులను నిషేధించి, హోమియోపతిలో బాగా పలుచన చేసినవాటిని మాత్రమే అనుమతించింది.

దగ్గరి ఉదాహరణ తిప్పతీగ. కోవిడ్ కాలంలో దాన్ని విపరీతంగా వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు నివేదించారు. అదే పోలికలున్న టైనోస్పోరా క్రిస్పా అనే మరో తీగను పొరపాటున వాడి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అన్నది. అసలు తిప్పతీగతోనే సమస్య అని కాలేయ వైద్యులు వాదించారు. ఈ వివాదాన్ని తేల్చాలంటే రోగి తిన్నది ఏ తీగో ముందు తేలాలి. అందువల్లే పద్ధతిగా పనిచేసే తయారీదారు ప్రతి విడత మొక్క నుంచి ఒక నమూనాను ఎండబెట్టి, సేకరించిన చోటు, తేదీ రాసి దాచిపెడతాడు.

యూరప్ నుంచి రావలసిన మొక్కల్లో మార్పిడి బెడద ఇంకా ఎక్కువ. ఆర్నికా మోంటానా పూలు ఖరీదైనవి, కొండ ప్రాంతాల్లో పరిమితంగా దొరుకుతాయి. వాటికి బదులు మెక్సికన్ ఆర్నికా అనే వేరే మొక్క పూలు బజారులోకి వస్తుంటాయి. అసలు ఆర్నికాలో హెలినాలిన్ లాంటి పదార్థాలు ఉండాలి. అవి చర్మానికి అలర్జీ కలిగించగలవు, కడుపులోకి వెళితే విషం. నకిలీలో అవి ఉండవు. తలనూనెగా ఆర్నికా కొనే ఇంట్లో ఈ తేడా పట్టే దారి లేదు, ప్రయోగశాలే పట్టాలి.

మొక్క అసలుదని తేలాక దాని శుభ్రత చూస్తారు. తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. పొడిని కాల్చి మిగిలిన బూడిదను తూస్తారు, దాన్ని ఆమ్లంలో వేసి కరగకుండా మిగిలినదాన్ని మళ్లీ తూస్తారు. ఆ మిగులు హద్దు దాటిందంటే మట్టి, ఇసుక కలిసినట్టే. ఆల్కహాల్‌లో ఎంత సారం దిగుతుందన్నది ఇంకో కొలత. ఇప్పటికే ఒకసారి సారం పిండేసిన పిప్పిని అమ్మజూస్తే ఇక్కడ దొరికిపోతుంది.

టింక్చర్ తయారయ్యాక రంగు, వాసన, సాంద్రత, ఆమ్లత్వం, ఆల్కహాల్ శాతం, ఆవిరి చేస్తే మిగిలే ఘనపదార్థం బరువు లాంటి సులువైన కొలతలు పూర్తిచేస్తారు. ఆ తరువాత వచ్చేది క్రోమటోగ్రఫీ. సిలికా పూత పూసిన పలక అడుగున టింక్చర్‌ను సన్నని పట్టీగా వేసి, పలక కొసను ద్రావకంలో నిలబెడతారు. ద్రావకం పైకి పాకేటప్పుడు సారంలోని ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తుకు తీసుకుపోయి వదులుతుంది. అతినీలలోహిత కాంతిలో 254, 366 నానోమీటర్ల దగ్గర చూస్తే ఆ పట్టీలు వరుసగా కనిపిస్తాయి. డ్రాగెన్‌డార్ఫ్ ద్రావణం చల్లితే ఆల్కలాయిడ్ల పట్టీలు నారింజ రంగుకు తిరుగుతాయి. పక్కనే స్వచ్ఛమైన స్ట్రిక్నిన్, బ్రూసిన్ కూడా నడిపిస్తారు కాబట్టి పోల్చి చూడవచ్చు. ఎంత పరిమాణంలో ఉన్నాయో కచ్చితంగా చెప్పడానికి హెచ్‌పీఎల్‌సీ అనే ద్రవ క్రోమటోగ్రఫీ యంత్రం వాడతారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకే పదార్థాన్ని కొలిచి ఊరుకుంటే మోసానికి తావు దొరుకుతుంది. నీరసమైన టింక్చర్‌లో కాస్త శుద్ధ ఆల్కలాయిడ్ కలిపి అంకెను సరిచేయవచ్చు. పట్టీల వరుస మొత్తం, వాటి మధ్య పాళ్లు కలిపి చూసినప్పుడే ఆ పని బయటపడుతుంది, ముష్టి విషయంలో స్ట్రిక్నిన్ ఒక్కటే కాక బ్రూసిన్ కూడా దానికి తగ్గ పాలులో ఉండాలి. అయితే ఈ పాళ్లు మొక్క పెరిగిన నేల, కోసిన కాలం, ఎండిన తీరును బట్టి మారతాయి. కాబట్టి ఫార్మకోపియా ఒకే అంకె కాక, హద్దులు చెబుతుంది. ఆ హద్దులు మరీ విశాలంగా ఉంటే విషపు మొక్కల విషయంలో రోగికి రక్షణ ఉండదు. స్ట్రిక్నిన్, అకోనైట్‌లోని అకోనిటిన్, బెల్లడోనాలోని అట్రోపిన్ లాంటివాటికి కింది హద్దుతో పాటు పై హద్దు కూడా గట్టిగా ఉండడం అవసరం.

మొక్కతో పాటు బయటినుంచి వచ్చేవి మరో వర్గం. రోడ్డు పక్కన, కర్మాగారాల దగ్గర పెరిగిన మొక్క నేల నుంచి లోహాలను పీల్చుకుంటుంది. మూలికా మందులకు సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు) మించరాదని మన దేశంలో ఆయుష్ వ్యవస్థ అనుసరించే హద్దులున్నాయి. పురుగుమందుల అవశేషాలు, బూజు నుంచి పుట్టే అఫ్లటాక్సిన్లు, రోగకారక బ్యాక్టీరియా కూడా చూడాలి. ఆల్కహాల్ బాగా ఉన్న టింక్చర్‌లో బ్యాక్టీరియా బతకడం కష్టమే గానీ, అఫ్లటాక్సిన్ ఆల్కహాల్‌తో పోదు, పైగా అందులో కరుగుతుంది.

ఆల్కహాల్ కూడా పరీక్షించవలసిన పదార్థమే. అందులో మిథనాల్ కలిస్తే చూపు, ప్రాణం రెండూ పోవచ్చు. గ్యాస్ క్రోమటోగ్రఫీతో దాన్ని కొలుస్తారు. ఆల్కహాల్ బలం ఎక్కువగా ఉన్న హోమియో ద్రావణాలను మత్తు కోసం తాగే అలవాటు ఉండడంతో, 12 శాతం మించి ఆల్కహాల్ ఉన్నవాటిని చిల్లరగా 30 మిల్లీలీటర్లకు మించిన సీసాల్లో అమ్మకూడదని ఔషధ నిబంధనలు చెబుతున్నాయి. అయినా 2021 మే నెలలో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో లాక్‌డౌన్ వేళ హోమియో ద్రావణాన్ని మద్యంలా తాగి ఒకే కుటుంబానికి చెందిన పలువురు మరణించారు. మొక్క విషంతో కాదు, సీసాలోని ఆల్కహాల్‌తోనే ఆ ప్రమాదం.

రసాయన పరీక్ష సీసాలో ఏముందో చెబుతుంది. అది శరీరంలో ఏం చేస్తుందో చెప్పేది విషపరీక్ష. దీనికి ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ మార్గదర్శకాలను చాలా దేశాలు పాటిస్తాయి. ఎలుకలకు ఒకే మోతాదు ఇచ్చి 14 రోజులు గమనించడం మొదటి దశ. 28 రోజులు, 90 రోజులు రోజూ ఇచ్చి బరువు, రక్తం, కాలేయపు ఎంజైములు, కిడ్నీ పనితీరు చూసి, చివరకు అవయవాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించడం తరువాతి దశలు. జన్యువులకు హాని చేస్తుందా అన్నది ఏమ్స్ పరీక్షలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా మీద తేలుస్తారు. టింక్చర్ల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. పోలిక కోసం ఉంచిన ఎలుకలకు వట్టి నీళ్లు కాకుండా, మొక్క లేని అదే ఆల్కహాల్ ద్రావణం అదే మోతాదులో ఇవ్వాలి. లేకపోతే ఆల్కహాల్ వల్ల కాలేయానికి జరిగిన నష్టాన్ని మొక్క మీద వేసే ప్రమాదం ఉంది. ఆల్కహాల్‌ను ఆవిరి చేసి మిగిలిన సారాన్ని ఇస్తే ఆ చిక్కు తీరుతుంది గానీ, థూజా లాంటి మొక్కల్లోని ఆవిరయ్యే నూనెలు కూడా దానితోపాటే పోతాయి. థూజాలో భయపడవలసిన థుజోన్ ఆ నూనెలోనే ఉంటుంది. ఏ పద్ధతి ఎంచుకున్నారో చెప్పని నివేదికకు విలువ ఇవ్వడం కష్టం.

యూరోపియన్ యూనియన్ ఈ చిక్కులను ఒక సాదా నియమంతో కొంతవరకు దాటింది. 2001 నాటి ఆదేశం ప్రకారం సులభ పద్ధతిలో నమోదు కావాలంటే మందులో మదర్ టింక్చర్ పదివేలలో ఒక వంతుకు మించకూడదు. డాక్టరు చీటీ మీదే ఇచ్చే విష పదార్థమైతే అల్లోపతిలో వాడే అతి తక్కువ మోతాదులో నూరో వంతుకు మించకూడదు. పైగా అలా నమోదైన మందు లేబుల్ మీద ఫలానా రోగానికని రాయరాదు.

పలుచన సరిగ్గా జరిగిందన్న నమ్మకం మీదే ఈ నియమాలన్నీ నిలబడతాయి. ఆ నమ్మకం వమ్మైన సందర్భం అమెరికాలో ఉంది. పళ్లు వచ్చే పసిపిల్లలకు అమ్మిన హోమియో మాత్రల్లో బెల్లడోనా పరిమాణం ఒక్కో మాత్రలో ఒక్కో రకంగా ఉన్నట్టు అక్కడి ఆహార, ఔషధ సంస్థ 2010లో గుర్తించి హెచ్చరించింది. తయారీదారు వాటిని వెనక్కి తీసుకుని, మార్చి మళ్లీ మార్కెట్లోకి తెచ్చాడు. 2017లో మళ్లీ పరీక్షిస్తే కొన్ని మాత్రల్లో లేబుల్ మీద రాసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ బెల్లడోనా కనిపించింది. మూర్ఛ, ఊపిరాడకపోవడం లాంటి ఫిర్యాదులు వందల సంఖ్యలో వచ్చాయి, అయితే ప్రతి ఫిర్యాదుకూ ఆ మాత్రలే కారణమని తేలలేదు. ఒక తొట్టిలో కలిపిన పొడి అంతటా సమానంగా పరుచుకోకపోతే కాగితం మీద సరైన పలుచన కొందరు పిల్లల నోట్లో విషపు మోతాదు కాగలదు. ఒక మాత్రను కాక ఒకే విడత నుంచి అనేక మాత్రలను వేర్వేరుగా పరీక్షించడం ఎందుకు అవసరమో ఇది చూపింది.

ఈ పరీక్షలు తేల్చేది భద్రతను, నాణ్యతను మాత్రమే. మందు రోగాన్ని నయం చేస్తుందా అన్నది వేరే ప్రశ్న, దానికి రోగుల మీద జరిగే నియంత్రిత పరీక్షలే జవాబు చెప్పాలి. అలాంటి అధ్యయనాలను సమీక్షించిన ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో, హోమియోపతి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఉన్న రోగం ఏదీ లేదని తేల్చింది. అధిక పొటెన్సీల్లో కూడా మూలలోహాల నానోకణాలు మిగులుతున్నాయని ఐఐటీ బొంబాయి పరిశోధకులు 2010లో ప్రకటించారు. అది లోహ మందుల గురించి, పైగా కణం ఉండడం వేరు, రోగం తగ్గించడం వేరు. శుద్ధమైన టింక్చర్ అని తేలినంత మాత్రాన అది పనిచేసే మందని ప్రచారం చేయడం రోగులకు అన్యాయం. ముఖ్యంగా మూర్ఛ, క్షయ, డయాబెటిస్ లాంటి జబ్బుల్లో చికిత్స ఆలస్యమైతే జరిగే నష్టం ఏ ప్రయోగశాల కొలతకూ అందదు.

తుది సీసాకు, మాత్రలకు వచ్చేసరికి పరీక్షల పరిధి కుంచించుకుపోతుంది. 30సి మాత్రల్లో చూడగలిగేవి కొన్నే ఉన్నాయి. ఆల్కహాల్ శాతం, చక్కెర శుద్ధత, బ్యాక్టీరియా, లోహాలు చూడవచ్చు. చెప్పకుండా కలిపిన స్టెరాయిడ్లు, నొప్పి మందులు ఉన్నాయేమో వెతకవచ్చు. పొట్లంలో కట్టి పేరు చెప్పకుండా ఇచ్చే పొడుల విషయంలో ఇది మరీ అవసరం. కానీ నక్స్ వామికా 30సి, బెల్లడోనా 30సి పక్కపక్కన పెట్టి లేబుళ్లు తీసేస్తే, ఏది ఏదో చెప్పగల రసాయన పరీక్ష లేదు. అక్కడ మిగిలే రుజువు తయారీ రికార్డు ఒక్కటే. ఏ విడత మొక్క, ఏ టింక్చర్, ఎన్ని మెట్లు, ఏ తేదీన, ఎవరి పర్యవేక్షణలో అన్నది అందులో ఉండాలి. మన ఔషధ నిబంధనల్లో హోమియో తయారీ కేంద్రాలకు ఉద్దేశించిన ఎం-1 షెడ్యూలు ఈ పనికే ఉంది. సీసా మీద మందు పేరు, పొటెన్సీ, ఆల్కహాల్ శాతం, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో కొనేవారు చూడగలరు. ఔషధ ఇన్‌స్పెక్టరు మాత్రం ఆ బ్యాచ్ నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లి, ముష్టి గింజల బస్తా దాకా కాగితాలు అడగాలి.